స్కూలు ప్రచారానికి వాట్సాప్ బిజినెస్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఉప్పల్ దాటాక ఒక కాలనీలో స్టేట్ సిలబస్ స్కూలు నడుపుతున్నాను. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉంది. మా పేరెంట్స్‌లో ఆటో నడిపేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు, ప్రైవేటు ఉద్యోగులు ఎక్కువ. కరోనా తర్వాత స్కూళ్లు తెరిచినప్పటి నుంచి ఫ్లెక్సీలు, పాంప్లెట్లు బాగా తగ్గించి, ప్రచారమంతా వాట్సాప్ బిజినెస్ (వ్యాపారాలు, సంస్థల కోసం వాట్సాప్ విడిగా ఇచ్చే యాప్) మీదే నడుపుతున్నాం. మాలాంటి స్కూళ్ల కరస్పాండెంట్లకూ ప్రిన్సిపాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్త అడ్మిషన్లు నేరుగా తెచ్చిపెడుతుందని ఆశపడితే ఈ యాప్ అంతంతమాత్రమే. మన దగ్గర ఇప్పటికే చదువుతున్న పిల్లల ఇళ్లలో స్కూలు మీద నమ్మకం నిలబెట్టడానికి మాత్రం ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. ఆ నమ్మకం నుంచే అడ్మిషన్లు వస్తాయి, కాకపోతే నిదానంగా. ఎంక్వైరీ రిజిస్టర్‌లో 'మా గురించి ఎవరు చెప్పారు?' అని ఒక గడి పెట్టాం. అందులో ఎక్కువగా కనిపించేది పక్కింటివాళ్లు, చుట్టాలు, వ్యాన్ డ్రైవర్లు. ఫ్లెక్సీ చూసి వచ్చామన్నవాళ్లు అరుదు.

యాప్ 2018లో వచ్చింది, ఉచితం. ఇందులో నాకు బాగా నచ్చినవి లేబుళ్లు, అంటే ఒక్కో చాట్‌కి మనం తగిలించుకునే గుర్తులు. 'ఎంక్వైరీ', 'స్కూలు చూసి వెళ్లారు', 'టీసీ రావాలి', 'అడ్మిషన్ అయింది' అని పెట్టుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో ఎవరికి ఫోన్ చేయాలో ఫ్రంట్ ఆఫీసు మేడంకి వెంటనే తెలిసిపోతుంది. కేటలాగ్ దుకాణాలకు పనికొస్తుంది, మనకు దానితో పని లేదు.

క్విక్ రిప్లైల గురించి, అంటే ముందే రాసి దాచుకుని అడగ్గానే పంపే జవాబుల గురించి, కొంచెం వివరంగా చెప్పాలి. మా చుట్టుపక్కల స్కూళ్లలో ఫీజు ఎంతని మెసేజ్ పెడితే 'స్కూలుకి రండి, మాట్లాడదాం' అనే జవాబే వస్తుంది. మేం ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, వ్యాన్ అన్నీ కలిపి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింటిలో ముందే రాసిపెట్టుకున్నాం. అడిగిన నిమిషంలో వెళ్లిపోతుంది. అది చూసి రాకుండా ఆగిపోయేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. వచ్చేవాళ్లు బేరం మానేసి పాఠాల గురించి అడుగుతారు. 'ఒకటో తరగతికి ఎంట్రన్స్ టెస్టు ఉందా?' అనే ప్రశ్నకూ సిద్ధంగా జవాబుంది: లేదు, విద్యాహక్కు చట్టం 2009లోని 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోయకూడదు. ఆ ఒక్క వాక్యం చదివి ఊపిరి పీల్చుకున్నామన్న తల్లులున్నారు.

ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఈ షరతు ఇబ్బందని చాలామంది అంటారు. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. అడ్మిషన్ రోజునే ఫోన్ తీయించి నంబరు సేవ్ చేయిస్తాం. తండ్రి నంబరుతో సరిపెట్టుకోవద్దు, తల్లి నంబరు కూడా తీసుకోండి. నాన్న డ్యూటీలో ఉంటే మెసేజ్ రాత్రి దాకా తెరుచుకోదు. పిల్లాణ్ని వ్యాన్ దగ్గరికి తీసుకొచ్చేది అమ్మో నానమ్మో. ఏరియాలవారీగా ఫోన్ నంబర్లు అమ్ముతామని ఒక మార్కెటింగ్ ఏజెన్సీ మా దగ్గరికి వచ్చింది. వద్దన్నాం. తమ నంబరు ఎక్కణ్నుంచి తెచ్చుకుందో తెలియని స్కూలుకి పిల్లల్ని ఎవరు పంపుతారు?

ఏ మెసేజ్‌లు పనిచేశాయంటే, డిజైన్ చేయించిన పోస్టర్లు కావు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనుల దగ్గర ట్రాఫిక్ ఆగి వ్యాన్ ఆలస్యమవుతోందన్న రెండు లైన్లు. కుండపోత వాన పడ్డ రోజు రేపు సెలవా కాదా అని కాలనీ గ్రూపుల్లో పుకార్లు తిరుగుతుంటే, అధికారుల ఉత్తర్వు చూశాకే మేం పంపిన మెసేజ్. వాటిని ఇతర స్కూళ్ల పేరెంట్స్ కూడా ఫార్వర్డ్ చేసుకుంటారు. మా స్కూలు చెబితే నిజమే అయ్యుంటుందన్న పేరు అలా వచ్చింది, డబ్బిచ్చి కొనలేం దాన్ని.

పదో తరగతి రిజల్ట్స్ వచ్చాక మాత్రం చాలా జాగ్రత్తగా ఉంటాం. టాపర్ల ఫొటోలు పంపం. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, అంతే. తక్కువ మార్కులొచ్చిన పిల్లల్ని ఓడిపోయినవాళ్లలా చూపకూడదని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా విద్యాసంస్థల ప్రకటనలకు 2023లో మార్గదర్శకాలిచ్చింది. అవి రాకపోయినా మేం ఇలాగే చేసేవాళ్లం. మిగతా పిల్లలూ ఫీజు కట్టినవాళ్లే, మన పిల్లలే. స్టేటస్‌లో పెట్టే ఫొటోలకు అడ్మిషన్ ఫారంతోపాటే రాతపూర్వక అనుమతి తీసుకుంటాం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. అందరూ మాట్లాడే క్లాస్ గ్రూపు పెడితే ఒక టిఫిన్ బాక్సు గొడవ అర్ధరాత్రి దాకా సాగుతుంది. అందుకే అడ్మిన్ మాత్రమే రాసేలా మార్చాం. అలా చేస్తే పేరెంట్స్ నోరు కట్టేసినట్టే అవుతుంది కాబట్టి, విడిగా అడిగిన ప్రతి ప్రశ్నకూ సాయంత్రంలోగా జవాబివ్వాల్సిందే. అది చేయలేని స్కూలు ఈ యాప్ జోలికి వెళ్లకపోవడమే మేలు. రాత్రి ఎనిమిది తర్వాత ఎవరైనా అడిగితే, ఇప్పుడు అందుబాటులో లేమని చెప్పే 'అవే' (Away) మెసేజ్ దానంతటదే వెళ్తుంది, టీచర్లను ఇబ్బంది పెట్టం. సిమ్ స్కూలు పేరు మీదే ఉండాలి. ఉద్యోగం మానేసిన స్టాఫ్‌తో నంబరు వెళ్లిపోతే అన్నేళ్ల పరిచయాలూ పోతాయి. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు ఇప్పటికీ డైరీలో సర్క్యులర్ అంటిస్తున్నాం.

నాలుగైదు బ్రాంచీలున్నవాళ్లకు డబ్బు కట్టి వాడే పెద్ద వెర్షన్ అవసరం కావచ్చు. ఒకే బ్రాంచి స్కూలుకి ఈ ఉచిత యాప్ చాలు. మొదలుపెట్టేవాళ్లు వేసవి సెలవుల్లోనే లేబుళ్లు, ఫీజు జవాబులు సిద్ధం చేసుకోండి. జూన్‌లో స్కూళ్లు తెరిచాక ఆ తీరిక దొరకదు.