పర్లాకిమిడి అకౌంట్స్ బ్యాచ్‌లలో మూడిల్: చాలాకాలం వాడిన మీదట

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న గజపతి జిల్లా పర్లాకిమిడిలో సాయంత్రం బ్యాచ్‌లకు అకౌంట్స్, జీఎస్టీ నేర్పే చిన్న శిక్షణ కేంద్రంలో కోవిడ్ కాలం నుంచి మూడిల్ వాడుతున్నాను. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ 2002లో విడుదల చేసిన, ఆన్‌లైన్‌లో తరగతులు నడుపుకునే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలామంది నోట్సు, వీడియోలు దాచుకునే చోటుగానే వాడతారు. దాన్ని రూపొందించిన ఆలోచన వేరు: నలుగురూ కలిసి పని చేసి, చేసినది ఒకరికొకరు చూపించుకుంటేనే చదువు ఒంటబడుతుందని. మా దగ్గర అది కొన్నిచోట్ల బాగా పనిచేసింది, కొన్నిచోట్ల బెడిసికొట్టింది.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది ప్రశ్న-జవాబుల ఫోరం. అందులో తన జవాబు రాసేదాకా ఇతరుల జవాబులు కనిపించవు. వాట్సాప్ గ్రూపులోనైతే చురుకైనవారు ఒకరు రాయగానే తక్కినవారు ‘నాదీ అదే సార్’ అని తప్పుకుంటారు. ఇక్కడ ఆ వీలు లేదు. ఒకసారి ఇచ్చిన ప్రశ్న ఇది: పర్లాకిమిడి మనిషి ఆంధ్రాలోని పాతపట్నం దుకాణానికి వెళ్లి, జీడిపప్పు కొని, తనే ఇంటికి తెచ్చుకుంటే బిల్లులో ఐజీఎస్టీ (రెండు రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే పన్ను) వేయాలా, లేక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి వేసే కేంద్ర, రాష్ట్ర పన్నులు) వేయాలా? కొన్నవాడు ఒడిశావాడు కనుక ఐజీఎస్టీ అని కొందరు, సరుకు చేతులు మారింది ఆంధ్రాలోనే కనుక కాదని కొందరు గట్టిగా రాశారు. 2023 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, జీఎస్టీ నమోదు లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో ఉంటే ఆ రాష్ట్రం, లేకపోతే అమ్మినవారి రాష్ట్రం సరుకు చేరిన చోటుగా లెక్కలోకి వస్తుంది. తమ వాదన రాసిపెట్టి మరీ ఈ నిబంధన చదివారు కనుక, ఎక్కడ పక్కకు పోయారో నేను చెప్పనవసరం లేకపోయింది.

ఒక్కటే చికాకు. రాసిన జవాబును దిద్దుకోవడానికి మూడిల్ మామూలుగా 30 నిమిషాల గడువిస్తుంది, అది ముగిసేవరకు ఇతరుల జవాబులు తెరుచుకోవు. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ ‘పెట్టాను సార్, ఏమీ కనబడటం లేదు’ అన్న ఫోన్లు తప్పవు. అడ్మిన్ సెట్టింగులలో గడువు తగ్గించుకోవచ్చు.

తోటివారి పనిని తోటివారే దిద్దే వర్క్‌షాప్ గురించి అంత నిశ్చింతగా చెప్పలేను. మామూలు అమరికలో పనికి 80 మార్కులు, ఇతరుల పనిని దిద్దినందుకు 20 ఉంటాయి. ఆ 20 ఎలా వస్తాయో చూడండి: ఒకే పనిని దిద్దినవారి మార్కులన్నీ పోల్చి, సగటుకు అతి దగ్గరగా ఉన్నదాన్ని మేలైనదిగా ఎంచి, దానికి దూరమైనవారికి మార్కులు తగ్గిస్తుంది. మా బ్యాచ్‌లో దుకాణాల్లో ఏళ్లుగా పద్దులు రాస్తున్న పెద్దవారు, నిన్నమొన్న డిగ్రీ ముగించినవారు కలిసి ఉంటారు. అన్నయ్యా అని పిలిచే మనిషికి తక్కువ వేయడానికి చిన్నవారికి చేయి రాదు. అందరూ మొహమాటానికి నిండుగా వేస్తే, ఉన్నదున్నట్టు దిద్దిన ఒక్కరే నష్టపోతారు. ఇప్పుడు అనుమతుల్లో మార్పు చేసి, రాసినవారి పేర్లూ దిద్దినవారి పేర్లూ కనిపించకుండా చేస్తున్నాను, నేనూ కొన్ని దిద్ది నా మూల్యాంకనానికి ఎక్కువ బరువు ఇస్తున్నాను. పరిస్థితి మెరుగుపడింది గాని, ఈ అమరికకు పట్టే సమయం చిన్న బ్యాచ్‌కు దండగే.

అందరూ కలిసి ఒకే పేజీ రాసే వికీని పూర్తిగా మానేశాను. ఒకరు పేజీ దిద్దుతున్నంతసేపూ మిగతావారికి తాళం పడుతుంది, చివరికి ఒక్కరే అంతా రాస్తారు.

మా ప్రాంతానికి బాగా కుదిరింది మాత్రం మూడిల్‌లో జవాబు రాసే పెట్టె, అంటే ఎడిటర్‌లోని ఆడియో రికార్డింగు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడిలో చదివినవారిలో తెలుగు లిపి రానివారు చాలామంది ఉన్నారు. రాతతోనే నడిచే చర్చలో వారు మూగబోయేవారు, ఇప్పుడు వాదన మాటల్లోనే చెబుతున్నారు. రికార్డింగుకు మామూలుగా ఉండే రెండు నిమిషాల పరిమితిని పెంచే వీలుంది, నేను పెంచలేదు, అంతకు మించితే వినే ఓపిక తోటివారికి ఉండదు.