డార్క్ పారబుల్స్: ఎనిమిది భాగాలూ ఆడాక

దాచిన వస్తువులు వెతికే ఆటల్లో మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుపోయేది వస్తువు కనబడక కాదు, దేన్ని వెతకమంటున్నారో తెలియక. జాబితాలో ‘బెలోస్’ అని ఉంటుంది. కొలిమి తిత్తి కళ్లెదుటే ఉంటుంది, చెయ్యి మాత్రం దాని మీదకు పోదు. రాజకుమారి కథల మీద అల్లిన ఇలాంటి ఆటలు చాలానే ఉన్నా, వాటిలో డార్క్ పారబుల్స్ మనకు బాగా నప్పడానికి మొదటి కారణం ఇదే: ఇందులో జాబితా చదవాల్సిన అవసరం చాలా తక్కువ.

ఈ సమీక్ష బ్లూ టీ గేమ్స్ తయారుచేసి, బిగ్ ఫిష్ గేమ్స్ విడుదల చేసిన మొదటి ఎనిమిది భాగాల గురించి మాత్రమే. 2010లో కర్స్ ఆఫ్ బ్రయర్ రోజ్‌తో మొదలై 2014లో లిటిల్ మెర్మెయిడ్ అండ్ ద పర్పుల్ టైడ్ దాకా. ఆ తర్వాత కొంతకాలానికి ఈ ఆటల పని సెర్బియాలోని ఐపిక్స్ సంస్థ చేతికి వెళ్లింది. అన్నిటిలోనూ మనం ఒక డిటెక్టివ్. నిద్రపోయిన రాజకుమారి, కప్పగా మారిన రాజకుమారుడు, మంచు రాణి, ఎర్ర టోపీ పిల్ల, సిండ్రెల్లా... అందరికీ తెలిసిన కథలే, కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారులు తీశారు. పేదరాశి పెద్దమ్మ ఒకే రాత్రి పది కథలు కలిపి చెప్పేసినట్టు ఉంటుంది. కథలో తర్కం వెతక్కండి. బొమ్మలు మాత్రం చూసి తీరాల్సిందే.

అసలు సరుకు ముక్కల దృశ్యంలో ఉంది. మామూలు ఆటల్లో కింద పది, పన్నెండు పేర్లు ఇస్తారు. ఇక్కడ పేర్లకు బదులు విరిగిన వస్తువుల నీడలు ఇస్తారు. ఒక్కో వస్తువుకు నాలుగైదు ముక్కలు అటూఇటూ. ముక్కలన్నీ దొరికాక వస్తువు తనంతట తానే అతుక్కుంటుంది. తరచుగా దాన్ని అదే దృశ్యంలో వాడాలి కూడా: కత్తితో తాడు కోస్తేనో, తాళంచెవితో పెట్టె తీస్తేనో మిగతా ముక్కలు బయటపడతాయి. అందుకే ఒక్క ముక్క కోసం పది నిమిషాలు తెర జల్లెడ పట్టడం దండగ. పూర్తయిన వస్తువు ఏదైనా వాడకుండా ఉందేమో ముందు చూడండి, ముక్క దాని వెనకే ఉండే అవకాశం ఎక్కువ.

వెతికే తీరు ఒకటి పెట్టుకుంటే పని సగమవుతుంది. ఒక నీడనే పట్టుకుని తెరంతా వెతకొద్దు. నాలుగు నీడల అంచులు గుర్తు పెట్టుకుని తెరను ముక్కలు ముక్కలుగా, ఎడమ నుంచి కుడికి చూడండి. రంగును నమ్మకండి. బంగారు ముక్కను బంగారు చెక్కడం మీద, ఆకు ముక్కను తీగలోనే దాస్తారు. నమ్మాల్సింది అంచునే. ప్రకృతిలో, చెక్కడంలో గీత సాగుతూ పోతుంది, విరిగిన ముక్క దగ్గర హఠాత్తుగా తెగుతుంది. ఇష్టమొచ్చినట్టు నొక్కుకుంటూ పోతే ఈ తరహా ఆటలు చాలావాటిలో మౌస్ బాణాన్ని కొన్ని సెకన్లు పనిచెయ్యకుండా ఆపేస్తారు, అదో శిక్ష.

పేర్ల జాబితా ఉండే ఆటలకు వెళ్తే మాత్రం మాటల సంగతి తేల్చుకోవాలి. ఈ ఆటలు ఎక్కువగా అమెరికా ఇంగ్లీషులో ఉంటాయి, మనం బళ్లో నేర్చుకున్నది వేరు. ‘స్కేల్స్’ అంటే మన గీతలు గీసే స్కేలు కాదు, తక్కెడ. గీతలు గీసేది ‘రూలర్’. ‘టార్చ్’ అంటే కాగడా, బ్యాటరీ లైటైతే ‘ఫ్లాష్‌లైట్’ అంటారు. ‘పర్స్’ అంటే ఆడవాళ్ల చేతిసంచి, మన జేబులో పెట్టుకునేది ‘వాలెట్’. రబ్బరును ‘ఇరేజర్’ అని, వంకాయను ‘ఎగ్‌ప్లాంట్’ అని రాస్తారు. ‘పెప్పర్’ కోసం మిరియాలు వెతుకుతూ కూర్చుంటే అక్కడ ఎర్రటి బెంగళూరు మిర్చి వేలాడుతుంటుంది.

ఒకే మాటకు రెండు మూడు అర్థాలుండే చోట కావాలనే ఏడిపిస్తారు. ‘బో’ అంటే విల్లు, రిబ్బను ముడి, వయొలిన్ కమాను – మూడిట్లో ఏదైనా కావచ్చు. ‘నెయిల్’ మేకు. ‘బ్యాట్’ గబ్బిలం. ‘సీల్’ లక్క ముద్రో, సముద్రపు జంతువో. ‘క్లబ్’ దుడ్డుకర్రో, పేకముక్క మీది కళావరో. ‘స్పేడ్’ పారో, ఇస్పేటో. ‘ఐరన్’ ఇస్త్రీ పెట్టె. ‘ఫ్యాన్’ కోసం ఇంటికప్పు చూడకండి, అది విసనకర్ర.

పల్లెటూరి పనిముట్లు తెలిసినవాళ్లకు ఇక్కడ ఓ లాభముంది. ఈ ఆటల్లో కనబడే కమ్మరి కొట్టు, వడ్రంగి బల్ల, వంటిల్లు మనకు కొత్తవి కావు, పేర్లే కొత్తవి. పట్టకారు ‘టాంగ్స్’, ఉలి ‘చిజెల్’, దాగలి ‘ఆన్విల్’, తాపీ ‘ట్రౌయెల్’, గరాటు ‘ఫనెల్’, జల్లెడ ‘సీవ్’, రాట్నం కదురు ‘స్పిండిల్’. నిద్రపోయిన రాజకుమారి బ్రయర్ రోజ్ వేలికి గుచ్చుకున్నది ఈ కదురే. మనకు బొత్తిగా అలవాటు లేనివి ‘ఎకార్న్’ (ఓక్ చెట్టు కాయ, టోపీ పెట్టుకున్న గోలీలా ఉంటుంది), ‘థింబుల్’ (కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు), ‘వెదర్‌వేన్’ (ఇంటి కప్పు మీద గాలి దిక్కు చూపే ఇనప కోడి). ఓ 40 మాటలు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే చాలు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. జాబితాలో ఒక పేరు వేరే రంగులో ఉంటే అది నేరుగా కనబడదు. ఏదో ఒకటి తెరవాలి, లేదా రెండు వస్తువులు కలపాలి. ఇంగ్లీషు అసలే వద్దనుకుంటే పోలండ్ సంస్థ ఆర్టిఫెక్స్ ముండి ఆటలు కొన్నిట్లో ఈ దృశ్యానికి బదులు మాజాంగ్ (ఒకేలాంటి బిళ్లలు జతచేసే ఆట) ఆడుకునే వీలుంది.

చిక్కుముడుల విషయానికొస్తే, కొత్తవి తక్కువ, పాతవాటికే కొత్త రంగులు. పద్ధతి తెలిస్తే, చిక్కుముడిని దాటేయించే స్కిప్ బటన్ నిండేదాకా కాచుకు కూర్చునే పని లేదు. చిన్న బిళ్లల మీద పెద్దవి పెట్టకుండా మూడు కర్రల మధ్య మార్చే ఆటలో 3 బిళ్లలకు 7 ఎత్తులు, 4కు 15, 5కు 31. బిళ్లలు బేసి సంఖ్యలో ఉంటే మొదటి ఎత్తు చేరాల్సిన కర్ర మీదకే, సరి సంఖ్యలో ఉంటే మధ్య కర్ర మీదకు. అన్నిటికన్నా చిన్న బిళ్లను ఎత్తు విడిచి ఎత్తు కదుపుతూ పోవాలి. మధ్యలో ఒక ఖాళీ ఉంచి అటు మూడు, ఇటు మూడు కప్పలు స్థానాలు మార్చుకునే ఆటకు 15 ఎత్తులు. ఆ పక్కది ఒకటి, ఈ పక్కవి రెండు, ఆ పక్కవి మూడు, ఈ పక్కవి మూడు, ఆ పక్కవి మూడు, ఈ పక్కవి రెండు, ఆ పక్కది ఒకటి. వెనక్కి కదిపితే మాత్రం మళ్లీ మొదటికే.

దీపాలు వెలిగించి ఆర్పే ఆటలో ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఒకే మీటను రెండుసార్లు నొక్కడమంటే నొక్కకపోవడమే, వరుస మారినా ఫలితం మారదు. కాబట్టి ఏ మీటలు నొక్కాలో ఆలోచిస్తే సరిపోతుంది, ఏది ముందన్నది అనవసరం. ఒకటి తిప్పితే ఇంకోటి తిరిగే వలయాల బొమ్మ వస్తే, ఒంటరిగా తిరిగే వలయం ఏదో ముందు కనిపెట్టి దాన్ని చివరికి ఉంచండి. చాలామంది దాన్నే మొదట సర్ది, తర్వాత చెడగొట్టుకుంటారు.

ఇక కంప్యూటర్ సంగతి. పాత భాగాలు చదరానికి దగ్గరగా ఉండే పాత తెరల కొలతకు, అంటే 1024×768కు గీసినవి. వాటిని 1920×1080 తెర నిండా సాగదీస్తే బొమ్మ ఎత్తుకన్నా వెడల్పు మూడో వంతు ఎక్కువ సాగుతుంది. గుండ్రనిది కోడిగుడ్డవుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉండడం ఒక్కటే కాదు, అంచును బట్టి వెతకాల్సిన ఆటలో అంచే మారిపోతుంది. ఆప్షన్స్‌లో ఈ సాగదీతను ఆపేసి రెండు పక్కలా నల్ల పట్టీలతో ఆడడమే మేలు. బొమ్మ అంచులు తెగినా, నొక్కిన చోటుకు పక్కన పడుతున్నా తప్పు విండోస్ స్కేలింగ్‌ది, అంటే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే అమరికది. కొత్త లాప్‌టాప్‌ల్లో అది 125 లేదా 150 శాతం మీద ఉంటుంది. ఆట ఫైలు మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్, అందులో ఓవర్‌రైడ్ పెట్టి అప్లికేషన్ అని ఎంచుకోండి.

మౌస్ బాణం ఈదుతున్నట్టు ఆలస్యంగా కదిలితే ఆట ఆప్షన్స్‌లో ‘కస్టమ్ కర్సర్’ (ఆట సొంత బాణం బొమ్మ) తీసేయండి. రాత్రిపూట తెర పసుపు చేసే నైట్ లైట్ కూడా ఆపాలి. ఊదా, నీలం రాళ్లు జతచేసే చోట రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇంకొకటి మనవాళ్లకు ప్రత్యేకం: విండోస్ యూజర్ పేరు తెలుగు లిపిలో పెట్టుకుంటే కొన్ని పాత ఆటలు సేవ్ చేసే చోటు దొరక్క ప్రతిసారీ మొదటికొస్తాయి. ఇంగ్లీషు పేరుతో ఇంకో యూజర్ తెరవడమే దారి. మాక్ వాడేవాళ్లు కొనేముందే చూసుకోవాలి. 2019లో వచ్చిన కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు నడవవు, అప్పటి ఆటలు చాలా భాగం ఆ రకమే.

బిగ్ ఫిష్‌లో ఏ ఆటైనా ఒక గంట ఉచితం. ఆ గంటలో మొదటి వీడియో దాటేసి, తెర కొలత, బాణం సరిచూసుకుని, కనీసం రెండు ముక్కల దృశ్యాలైనా ఆడండి. నచ్చి కొంటే ఆపిన చోటి నుంచే సాగుతుంది. ఒక్కో భాగం మూడు నుంచి ఐదు గంటలు. కలెక్టర్స్ ఎడిషన్‌కు దాదాపు రెట్టింపు ధర, దానికి వచ్చేది ఇంకో గంట అదనపు అధ్యాయం, వాల్‌పేపర్లు, పాటలు, దారి చూపే గైడు. దారి చూపే రాతలు బయట ఉచితంగానే దొరుకుతాయి కనక, సాదా ఎడిషన్ చాలు.

ఎనిమిదీ కొనక్కర్లేదు. మొదట రెండోది, ఎగ్జైల్డ్ ప్రిన్స్. వెంటనే మూడోది, రైజ్ ఆఫ్ ద స్నో క్వీన్. మంచు కోట బొమ్మలకు, కథలో వచ్చే మలుపుకు మూడోది అన్నిటికన్నా మిన్న, మలుపేమిటో ముందే చదివేసుకోకండి. తర్వాత ఐదోది, ఫైనల్ సిండ్రెల్లా. ఇందులో భయం కాస్త ఎక్కువే, చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడేది కాదు. పిల్లలతో ఆడాలంటే ఏడోది, బ్యాలడ్ ఆఫ్ రాపుంజెల్. పూలు, తోటలు, తేలిక స్థాయి అయిన క్యాజువల్ మోడ్‌లో పెడితే వెతకాల్సిన చోట మెరుపులు కూడా కనబడతాయి. మొదటి భాగం బ్రయర్ రోజ్ చిన్నది, బొమ్మలు పాతబడ్డాయి, ముళ్ల తీగల్లో ముక్కలు వెతకడం కళ్లకు శ్రమ. మిగతావి నచ్చితేనే వెనక్కి వెళ్లి ఆడండి, అదీ తెరను సాగదీయకుండా.