చంకలో పిల్లాడుంటే అడుగే పడనట్టు: ఫిట్‌నెస్ వాచీతో మూడో ఏడు

ఈ వాచీ మీద నాకున్న కోపం ఒక్కటే. పిల్లాడిని ఎత్తుకుని నడిస్తే దానికది నడక కాదు. నడుం లాగేస్తున్నా, వీపంతా చెమట పట్టినా, స్క్రీన్ మీద అంకె ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అదే వాడిని దింపేసి, ఉత్త చేతులూపుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి వస్తే మాత్రం టకటకా అడుగులు వేసేస్తుంది. కొని మూడో ఏడు నడుస్తోంది, ఈ పద్ధతి మారలేదు. స్క్రీన్ ఎంత, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, నీళ్లలో తడిస్తే ఏమవుతుంది అన్నవి కొనేముందు అందరూ చదివేవే కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరూ రాయను. ఈ ధరలో మా అపార్ట్‌మెంట్లో ఎవరి చేతికి చూసినా ఇదే తంతు.

లోపలున్నది కదలికను పట్టే చిన్న సెన్సర్. నడిచేటప్పుడు చేయి ముందుకూ వెనక్కూ ఊగుతుంది కదా, ఆ ఊపులో లయ కనిపిస్తే అడుగని లెక్క వేస్తుంది. చేయి ఊగకపోతే దాని దృష్టిలో మనిషి కూర్చున్నట్టే. పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి, ప్రామ్, తోసినా అంతే, సూపర్‌మార్కెట్లో ట్రాలీ తోసినా అంతే. మూడేళ్ల బాబు, ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో తల్లి చేతులు ఖాళీగా ఊగేది రోజు మొత్తంలో ఎంతసేపో మీరే చెప్పండి. ఒక చంకలో వాడు, ఇంకో చేతిలో పాప బ్యాగూ నీళ్ల సీసా. ఇంకో వింత ఏమిటంటే, బాబు చంటివాడుగా ఉన్నప్పుడు నేలమీద చతికిలపడి చీర ఉయ్యాల ఊపుతుంటే నాకు అడుగులు పడేవి! వాడు నిద్రపోయేసరికి నేను వీధి చివరిదాకా వెళ్లొచ్చినట్టు చూపించేది.

దీనికి మందు లేకపోలేదు. ప్రామ్ తోసేవాళ్లు కొందరు వాచీని చీలమండకు కట్టుకుంటారు. కాలు ఎలాగూ కదులుతుంది కాబట్టి అడుగులు సరిగ్గానే పడతాయి. నేనూ కట్టుకున్నాను. మా అత్తగారు చూసి, "ఇదేటమ్మా, కాలికి గడియారమా? పట్టీలు పెట్టుకోమంటే బరువన్నావు!" అన్నారు. ఆవిడ మాటకేంగానీ, టైమ్ చూడాలన్నా వంగాల్సి రావడంతో మళ్లీ చేతికే ఎక్కించాను. జేబులో ఫోను పెట్టుకో, అది లెక్కపెడుతుంది అని మా ఆయన సలహా. చుడీదారుకి ఫోను పట్టే జేబు కుట్టే టైలర్‌ని ముందు చూపించండి అన్నాను.

అడుగుల లెక్క తప్పితే తప్పింది, ఊరుకోవచ్చు. ఊరుకోలేనిది ఆ వణుకు. గంటసేపు చేయి కదలకపోతే 'లేచి కాస్త నడవండి' అని మణికట్టు మీద బుర్రుమంటుంది. రాత్రి బాబుని భుజాన వేసుకుని, అరచేయి వాడి వీపు మీద పెట్టి, చీకట్లో గదంతా తిరిగి తిరిగి, వాడి మెడ వాలిపోయి ఊపిరి నెమ్మదించిన ఆ క్షణాన వాడి వెన్ను మీదే బుర్రుమంటుంది. వాడు కళ్లు తెరిచి నన్ను చూస్తాడు. ఇక అరగంట పని మళ్లీ మొదటికొచ్చినట్టే. పైగా అప్పటిదాకా నేను నడుస్తూనే ఉన్నాను! ఎనిమిది నుంచి ఉదయం దాకా శబ్దాలూ వణుకులూ ఆపేసే సెట్టింగు ఉంది, అది పెట్టాకే ఇంట్లో శాంతి. కాకపోతే ఆ సమయంలో నా ఫోను మోగినా తెలియదు. రెండూ కావాలంటే ఈ ధరలో కుదరదట.

ఇక పదివేల అడుగుల సంగతి. వాచీ పెట్టెలోంచి వచ్చినప్పుడే రోజువారీ లక్ష్యం పదివేలని పెట్టి ఉంటుంది. ఆ అంకె వైద్య పరిశోధనలు తేల్చి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్ముతూ ప్రచారంలోకి తెచ్చిన గుండ్రటి అంకె అది. అదే ఇప్పటికీ మన మణికట్ల మీద కూర్చుంది. మా ఇంట్లో అది ఏ వేళకి పగబట్టేదంటే, పాప కథ చెప్పమనే వేళకి. అంకె ఏడువేల దగ్గర ఆగి ఉండేది, వరసగా నెరవేర్చిన రోజుల గొలుసు తెగిపోతుందని వాచీ హెచ్చరించేది, నేను బాల్కనీ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుండేదాన్ని. పాప మంచం మీంచి "అమ్మా, నీ వాచీ ఇంకా పడుకోలేదా?" అని అడిగేది. అది నవ్వుకోవలసిన మాటే, కానీ అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

ఇంత తిట్టినదాన్ని ఇంకా ఎందుకు కట్టుకుంటున్నానంటే, దానికి కారణం తిరుమల.

బాబుకి రెండున్నరేళ్లప్పుడు పుట్టువెంట్రుకల మొక్కు ఉందని అలిపిరి మెట్ల దారిన బయల్దేరాం. 2023లో చిరుత దాడి జరిగాక, మధ్యాహ్నం తర్వాత పిల్లలను ఆ కాలిబాటలో పంపడం లేదని టీటీడీ నిబంధన పెట్టింది కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టాం. సామాను కింద కౌంటర్లో ఇచ్చేశాం. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. మొదట్లో పాప ఒక్కో మెట్టుకీ పసుపూ కుంకుమా పూసుకుంటూ వెళ్తున్నవాళ్ల వెనకే ఉషారుగా ఎక్కింది, వాడూ చేయి పట్టుకుని ఎక్కాడు. ఆ ముచ్చట ఎంతసేపో నిలవలేదు. "ఎత్తుకో" మొదలైంది. కాసేపు మా ఆయన, కాసేపు నేను. ఆయన భుజాల మీద కూర్చోబెట్టుకునేవారు, నేను చంకనేసుకుని, రెండో చేత్తో పక్కనున్న కమ్మీ పట్టుకునేదాన్ని. అంటే రెండు చేతులూ బిగుసుకుపోయినట్టే.

ఆ దారి ఎక్కినవాళ్లకి తెలుసు, అసలు కష్టం గాలిగోపురం దాకానే. మొత్తం మెట్లలో సగానికి పైగా అక్కడికే అయిపోతాయి, తర్వాత చాలా దూరం చదునుగా ఉంటుంది, మళ్లీ చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర నిలబెట్టి అడుగుతుంది. గాలిగోపురం దగ్గర కూలబడి ఎవరెన్ని అడుగులు వేశామో చూసుకున్నాం. ఆయన ప్యాంటు జేబులో ఫోను, నా చేతికి వాచీ, ఎక్కినవి అవే మెట్లు. నాది ఆయన లెక్కలో సగానికి కాస్త పైన ఉంది. ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకు మాత్రం దాన్ని తీసి లోయలోకి విసిరేద్దామా అన్నంత ఒళ్లుమండింది.

దారిలో అది రెండు మూడుసార్లు వణికింది కూడా. కూర్చున్నావు, లేచి నడువు అనే గోలే అనుకుని చూడలేదు. గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు స్క్రీన్‌ని పక్కకి జరిపితే, ఎప్పుడూ తెరవని ఇంకో లెక్క కనిపించింది. చురుకైన నిమిషాలట. అది అడుగులను చూడదు, గుండె వేగాన్ని చూస్తుంది. వారం మొత్తానికి 150 లక్ష్యం. ఆ ఒక్క ఉదయానే అది నిండిపోయి వలయం చుట్టూ తారాజువ్వలు పేలుతున్నాయి. పిల్లాడి బరువుతో మెట్లెక్కుతుంటే గుండె నిమిషానికి నూటయాభై దాటి కొట్టుకుంది మరి. నా అడుగులు కనిపించకపోయినా నా కష్టం దానికి తెలుస్తూనే ఉంది. కాకపోతే ఆ లెక్కను రెండో పేజీలో దాచారు. కొన్న ఏడాది తర్వాత, అదీ గాలిగోపురం అరుగు మీద, నాకది దొరికింది.

ఈ 150 మాత్రం ఎవరో అమ్మకానికి పుట్టించినది కాదు. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా అందులో సగం సమయం గట్టి వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదే. అందుకే ఆయాసం వచ్చేంత పని చేస్తే వాచీ ఒక్క నిమిషాన్ని రెండుగా లెక్కేస్తుంది. ఇందులో పిల్లలున్నవాళ్లకి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అన్న పాత షరతును ఆ సంస్థ 2020లో తీసేసింది. మధ్యలో "అమ్మా, అయిపోయింది, కడుగు" అని బాత్రూంలోంచి కేక వినిపించినా అప్పటిదాకా చేసింది వృథా కాదన్నమాట.

ఊరికి తిరిగొచ్చాక వాచీ ముఖం మీంచి అడుగులు తీసేసి ఈ నిమిషాలు పెట్టాను. రోజు లక్ష్యం పోయి వారం లక్ష్యం వచ్చింది. మంగళవారం పాపకి జ్వరమొస్తే మంగళవారం సున్నా, అంతే. శనాదివారాలున్నాయి. విశాఖలో ఉండటం మా అదృష్టం. ఆదివారం పొద్దున్నే నలుగురం ఆర్కే బీచ్‌కి పోతాం. ఇసకలో పిల్లల వెనక దొంగాట ఆడితే పావుగంటకే నిమిషాలు ఎలా పడతాయో చూడాలి. మెత్తటి ఇసకలో పరుగంటే గట్టి నేల మీద పరుగుకంటే ఎక్కువ రొప్పుతాం. వానాకాలంలో అపార్ట్‌మెంట్ మెట్లే గతి, వాడిని చంకనేసుకుని మూడు అంతస్తులు. ఇప్పుడు వాడి బరువు నాకు నష్టం కాదు, లాభం. ఇంతకుముందు వ్యాయామం కోసం పిల్లలను వదిలి బయటికి పోవాల్సి వచ్చేది, ఇప్పుడు వాళ్లు రాకపోతేనే నిమిషాలు తగ్గుతున్నాయి.

ఇంత పొగిడాక కొన్ని చెప్పకపోతే అన్యాయం. వెనకాల పచ్చగా మెరిసే ఆ లైటు చర్మానికి ఆనుకుని ఉంటేనే గుండె లెక్క నమ్మొచ్చు. బాబుని ఎత్తుకున్నప్పుడు మణికట్టు వంగి పట్టీ పైకి జారితే అంకె ఉన్నట్టుండి ఎక్కడికో పోతుంది. వాడిని కుడి చంకన వేసుకుని వాచీ ఎడమ చేతికి కట్టుకుంటే కొంత నయం. ఒకసారి స్కూలు బస్సు రాక గేటు దగ్గర టెన్షన్ పడుతూ అటూ ఇటూ తిరుగుతుంటే, బస్సు కనబడేలోపు చురుకైన నిమిషాలు ఇచ్చేసింది. బిడ్డ ఏమైందోనని అల్లాడటం కూడా దానికి వ్యాయామమే!

గరిష్ఠ వేగాన్ని అది 220 లోంచి వయసు తీసేసి లెక్కిస్తుంది. అది సగటు సూత్రం, ఒక్కో మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. మా అత్తగారికి సరదాగా కట్టి నడవమన్నాం. ఆవిడ వేసుకునేది గుండె వేగాన్ని తగ్గించే రకం బీపీ మాత్ర కావడంతో, వీధంతా చుట్టొచ్చినా నిమిషాలు దాదాపు సున్నా. "నీ గడియారానికి ముసలాళ్లంటే లెక్కలేదు" అని తీసిచ్చేశారు. అలాంటి మందులు వాడేవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. పైగా కండబలానికి వారంలో రెండు రోజులైనా వ్యాయామం చేయాలని అదే ఆరోగ్య సంస్థ చెబుతుంది, దాని గురించి వాచీకి ఏమీ తెలియదు. పదమూడు కిలోల పిల్లాడిని రోజంతా ఎత్తి దించడం ఏ ఖాతాలో వేసుకోవాలో నాకూ తెలియదనుకోండి.

నిద్ర లెక్క ఆపేశాను. రాత్రి వాడు ఎన్నిసార్లు లేపాడో నాకు తెలుసు, పొద్దున్నే మార్కులు వేసి చెప్పక్కర్లేదు. రబ్బరు పట్టీ మా ఊరి ఉక్కపోతకి దద్దుర్లు తెప్పించింది, గుడ్డ పట్టీ మార్చాక తగ్గింది. అద్దం మీద అడ్డంగా ఒక గీత పడింది, పిల్లలకి స్నానం చేయించేటప్పుడు స్టీలు చెంబు తగిలి. చదవడానికి అడ్డం రాదు.

కొనమంటారా అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. చంటిబిడ్డ ఉండి, అడుగుల కోసమే అయితే ఒక ఏడాది ఆగమన్నాను. గుండె లెక్క ముఖం మీద పెట్టుకునే వీలుండి, రాత్రి వణుకు ఆపుకునే సెట్టింగుంటే ఏ కంపెనీదైనా ఒకటే. నాకు కుదిరిందంటే ఇంట్లో అత్తగారున్నారు, పావుగంట దూరంలో సముద్రముంది, మా ఆయన ఆదివారం పొద్దున్నే లేస్తారు. ఇవేవీ లేనివాళ్లకి 150 కూడా పదివేలలాగే గుదిబండ కావచ్చు, చెప్పలేను. నా మటుకు నేను ఇదే ధరకైతే మళ్లీ కొంటానేమో, వెయ్యి ఎక్కువైతే కొనను. ఈ బ్యాటరీ పూర్తిగా చచ్చేసరికి బాబు చంక దిగే వయసొస్తుంది, అప్పటికి నా అసలు ఫిర్యాదే ఉండకపోవచ్చు.