బెంగళూరు తూర్పు వైపు ఒక స్ట్రోక్ యూనిట్: రోగి బంధువుగా నా సమీక్ష

పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళు అడిగేది ఒక్కటే: మెదడు రక్తనాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను ఎంత త్వరగా కరిగిస్తారు, లేదా తీసేస్తారు? గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటల గడువు ఉంటుంది, గొట్టం పంపి గడ్డను లాగే చికిత్స ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకూ పనికివస్తుంది కనుక ఆ ప్రశ్న సరైనదే. మా మామగారిని చేర్చిన ఈ ప్రైవేటు ఆసుపత్రి ఆ విషయంలో ఏ లోటూ చేయలేదు. కృష్ణరాజపురం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో మేము పోగొట్టుకున్న సమయమే ఎక్కువ. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు. అయితే నేను ముఖ్యంగా మెచ్చుకోవాలనుకుంటున్నది గడ్డ తీసిన తరువాత రాత్రుళ్ళు అక్కడ జరిగిన పనిని.

"అమ్మా, నాళం తెరుచుకుంది, కానీ మెదడులో గండం ఇంకా గడవలేదు" అని నెల్లూరు వైపు నుంచి వచ్చిన న్యూరాలజిస్టుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రక్తం పూర్తిగా ఆగిపోయిన చోట కణాలు నిమిషాల్లో చనిపోతాయి; దాని చుట్టూ రక్తం తగ్గినా ఇంకా ప్రాణంతో ఉన్న వలయాన్ని పెనంబ్రా అంటారు. నాడీకణం తన పొరకు లోపల, వెలుపల ఉండే లవణాల తేడాను నిలబెట్టుకోవడానికి నిరంతరం శక్తి ఖర్చు చేస్తుంది. ఆ శక్తి కరువైనప్పుడు పొటాషియం, నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే గ్లూటమేట్ అనే రసాయనం బయటికి వచ్చేస్తాయి, సోడియం, కాల్షియంతో పాటు నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది, బయటికి వచ్చిన ఆ రసాయనాలే పక్క కణాన్నీ అదే స్థితికి నెడతాయి. ఇలా నిమిషానికి 2 నుంచి 5 మిల్లీమీటర్ల వేగంతో ఒక విద్యుత్ అల మెదడు పైపొర మీద పాకుతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావ్ కుందేలు మెదడులో ఈ వ్యాప్తిని గమనించి 1944లో ప్రకటించారు.

ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఇటువంటి అల వచ్చినా రక్తప్రసరణ పెరిగి కణాలు తేరుకుంటాయి; మైగ్రేన్‌కు ముందు కళ్ళ ఎదుట కొందరికి కనిపించే మెరుపు గీతల వెనుక ఉన్నది ఇదేనని భావిస్తున్నారు. పెనంబ్రాలో మాత్రం రక్తనాళాలు తెరుచుకోవలసిన సమయంలోనే కుంచించుకుపోవచ్చు. అప్పుల్లో ఉన్న ఇంటికి మళ్ళీ పెద్ద ఖర్చు వచ్చిపడినట్టు, ఒక్కో అల వచ్చినప్పుడల్లా బతికి ఉన్న భాగంలో మరికొంత చనిపోయిన భాగంలో కలిసే ప్రమాదం ఉంటుంది. పుర్రె తెరిచే శస్త్రచికిత్స అవసరమైన రోగులలో మెదడు ఉపరితలం మీదే ఎలక్ట్రోడ్ పట్టీ పెట్టి ఈ అలలను నమోదు చేశారు. మెదడు విద్యుత్తును తల మీద నుంచి నమోదు చేసే మామూలు ఈఈజీ పరీక్ష వీటిని నమ్మకంగా పట్టుకోలేదు. కెటమిన్ అనే మత్తుమందు వీటిని అణచగలదని కొందరు రోగులలో కనిపించినా, అది ఇంకా స్థిరపడిన చికిత్స కాదు.

అలను నేరుగా ఆపే మందు చేతిలో లేనప్పుడు, ఆ కణాలకు శక్తి తగ్గకుండా చూడడమే వార్డు చేయగలిగిన పని. జ్వరం కణాల అవసరాన్ని పెంచుతుంది, చక్కెర మరీ పడిపోతే అల తరువాత తేరుకోవడం ఆలస్యమవుతుంది, రక్తపోటు పడిపోతే వలయానికి అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. ఇక్కడి నర్సులు అర్ధరాత్రి కూడా ఈ మూడూ చూసి రాసుకునేవారు. మదనపల్లె అమ్మాయి ఒకరు "తాతా, కుడిచెయ్యి ఎత్తండి" అని ప్రతిసారీ ఓపికగా అడిగేది. జ్వరం, చక్కెర, మింగే శక్తి అనే మూడింటినీ నర్సులు పద్ధతి ప్రకారం చూసుకున్న చోట 90 రోజులకు మరణాలు, పరాధీనత కలిపి తగ్గాయని ఆస్ట్రేలియాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనం చూపింది. అలలను ఆ అధ్యయనం కొలవలేదు; అయినా ఈ శ్రద్ధ విలువ ఎంతో దానివల్ల తెలుస్తుంది.

లోపాలు రెండు. మింగే పరీక్ష పూర్తయ్యేవరకు నోటికి ఏమీ ఇవ్వకూడదని గోడ మీద కన్నడంలో, ఇంగ్లీషులో మాత్రమే రాశారు. ఆ రెండూ చదవలేని మా అత్తగారు కాఫీ పట్టబోతుంటే నర్సు ఆపింది. కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, దాని వెంట జ్వరం వచ్చేవి. తెలుగు, తమిళ కుటుంబాలు ఇంతమంది వచ్చే చోట ఆ నాలుగు మాటలు అచ్చు వేయించడం కష్టమేమీ కాదు. రెండవది, ఆదివారం ఫిజియోథెరపీ లేదు. ఈ రెండింటికీ కలిపి ఒక నక్షత్రం తగ్గించి, అయిదుకు నాలుగు ఇస్తున్నాను.