బడి పనికి హెచ్‌పీ ప్రోబుక్ 440 జీ5: హార్డ్ డిస్క్ రక్షణ ఎంతవరకు?

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ల్యాప్‌టాప్ చూస్తున్నప్పుడు ప్రాసెసర్ వేగం కన్నా ముందు నేను అడిగింది, లోపలి హార్డ్ డిస్క్‌కు కుదుపుల నుంచి రక్షణ ఉందా అని. ఏడాది పొడుగునా టైపు చేసుకున్న ప్రాజెక్టులు, నోట్సు, ప్రజెంటేషన్లు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉంటాయి. ల్యాప్‌టాప్ మాత్రం స్కూలు బస్సులోను, ఇరుకు బెంచీల మీద, మంచం అంచున తిరుగుతూ ఉంటుంది. చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌పీ ప్రోబుక్ 440 జీ5 తీసుకున్నాము. 14 అంగుళాల తెర, ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న మోడల్ ఇది.

ఇందులోని రక్షణ పేరు 3డీ డ్రైవ్‌గార్డ్. హార్డ్ డిస్క్‌లో సమాచారం నిలిచే గుండ్రని పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటే, వాటికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో, ఆ సమాచారాన్ని చదివి రాసే రీడ్-రైట్ హెడ్ గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ స్థితిలో గట్టి కుదుపు తగిలితే హెడ్ పళ్లేన్ని గీరి, అక్కడ రాసి ఉన్నది తిరిగి రాకుండా పోవచ్చు. ల్యాప్‌టాప్‌లోని యాక్సెలరోమీటర్ (కదలికను కొలిచే సెన్సర్) పడిపోవడాన్ని పసిగట్టగానే డ్రైవ్‌గార్డ్ హెడ్‌ను పళ్లెం మీది నుంచి పక్కకు తప్పిస్తుంది. 75 సెంటీమీటర్ల బల్ల మీది నుంచి వస్తువు నేలను తాకడానికి సుమారు 0.39 సెకను పడుతుంది కాబట్టి, ఆ పనికి వ్యవధి దొరుకుతుంది. దీని విలువ ఎంతో డిస్క్‌ల వివరపత్రాలే చెబుతాయి: చాలా 2.5 అంగుళాల డిస్క్‌లు నడుస్తున్నప్పుడు సుమారు 400 జీ (అంటే భూమ్యాకర్షణ త్వరణానికి 400 రెట్లు) కుదుపును, ఆగి ఉన్నప్పుడు సుమారు 1,000 జీ కుదుపును తట్టుకుంటాయి. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ41లో ప్రవేశపెట్టిన పద్ధతి కూడా ఇటువంటిదే.

అయితే 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే దొరికేది 0.1 సెకను మాత్రమే. పుస్తకాల దొంతర మీది నుంచి జారినా, బల్ల మీద విసురుగా పెట్టినా రక్షణ అందుకోలేకపోవచ్చు. బడిలో పిల్లల చేతిలో జరిగేవి ఎక్కువగా ఇలాంటి చిన్న దెబ్బలే కనుక, ఈ సదుపాయం ఉందన్న ధీమాతో అజాగ్రత్త పనికిరాదని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. బ్యాటరీ మీద నడుస్తూ మూత మూసి ఉన్న ల్యాప్‌టాప్‌ను కదిలించినా డ్రైవ్‌గార్డ్ హెడ్‌ను పక్కకు తప్పిస్తుంది; అయినా మూత వేసిన మరుక్షణమే బ్యాగులో కుక్కకుండా, పూర్తిగా ఆపిన తర్వాతే పెట్టడం మంచిది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఒక విషయం తప్పక పరీక్షించాలి. ఈ రక్షణకు సెన్సర్‌తో పాటు సాఫ్ట్‌వేర్ కూడా అవసరం. దుకాణంలో విండోస్‌ను కొత్తగా వేసినప్పుడు అది లేకుండా పోయి ఉండవచ్చు. దాన్ని హెచ్‌పీ వెబ్‌సైట్ నుంచి మోడల్ పేరుతో వెతికి వేసుకోవాలి. డిస్క్ పనిచేస్తున్నప్పుడు తెల్లగా మిణుకుమనే డ్రైవ్ లైటు, హెడ్ పక్కకు తప్పుకున్నప్పుడు నారింజ రంగులోకి మారుతుంది. మెత్తని పరుపుకు కొంచెం పైన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చప్పున కిందికి దించితే ఆ రంగు మారడం కనిపించాలి. ఆ పరీక్షకు దుకాణదారు ఒప్పుకోకపోతే నేనైతే అక్కడ కొనను.

వేగం విషయానికి వస్తే, 5,400 ఆర్‌పీఎం డిస్క్‌తో విండోస్ తెరుచుకోవడానికే విద్యార్థి ఓపిక నశిస్తుంది. ఇందులో 2.5 అంగుళాల డిస్క్‌తో పాటు ఎస్‌ఎస్‌డీని బిగించే ఎం.2 స్లాటు కూడా ఉండటం వల్ల విండోస్‌ను చిన్న ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్) మీద వేసి, పాత డిస్క్‌ను ఫైళ్ల కోసం ఉంచాము. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి డ్రైవ్‌గార్డ్ అవసరమే లేదు. డబ్బు సరిపోయేవారు హార్డ్ డిస్క్‌ను పూర్తిగా తీసేసి పెద్ద ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే అంతకన్నా నిశ్చింత మరొకటి లేదని నా అభిప్రాయం. యూఎస్‌బీకి తగిలించే డిస్క్‌లను మాత్రం డ్రైవ్‌గార్డ్ కాపాడదు, కాబట్టి రెండో కాపీ కోసం వాడే పోర్టబుల్ డిస్క్‌ను ఇంట్లోనే ఒకచోట కదలకుండా ఉంచాలి.

మిగతావన్నీ బడి పనికి చాలినంత ఉన్నాయి. ఈ ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలో ఉంది, హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, కీబోర్డు మీద తెలుగు టైపింగ్ హాయిగా సాగుతోంది. తెర విషయంలో మాత్రం తొందరపడవద్దు: ఇదే మోడల్ 1366×768 పిక్సెళ్ల (చుక్కల) తెరతోను, అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపించే 1920×1080 తెరతోను వచ్చింది. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగు పాఠాన్ని గంటల తరబడి చదవవలసిన పిల్లల కళ్ల కోసం, ధర కాస్త ఎక్కువైనా రెండోదాన్నే అడిగి తీసుకోండి.