నైట్ షిఫ్ట్ వాళ్లకి పనికొచ్చే వెయిట్ లాస్ క్లినిక్, కౌంటర్ దగ్గర మాత్రం జాగ్రత్త

నెలకి పది కిలోలు తగ్గించేస్తారని ఆశపడి వచ్చేవాళ్లకి ఈ క్లినిక్ నచ్చదు, ముందే చెప్తున్నా. నాకు నచ్చింది. నాది గచ్చిబౌలిలో అమెరికా షిఫ్ట్, పొద్దున క్యాబ్ దిగి పడుకుందామంటే కొరియర్ అనో పనమ్మాయి అనో బెల్ మోగుతూనే ఉంటుంది. ఇంతకుముందు వెళ్లిన చోట అన్నం మానెయ్యండి, రాగిజావ తాగండి అని ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇక్కడ డైటీషియన్ మేడమ్ తిండి సంగతి ఎత్తకుండా "ఎన్నింటికి పడుకుంటారమ్మా, మధ్యలో ఎన్నిసార్లు లేస్తారు, ఆఫీసులో ఏ టైముకి టెన్షన్ ఎక్కువ" అని అడిగి అంతా రాసుకున్నారు.

తర్వాత ఒంట్లో కొవ్వెంత, కండెంత అని చూపించే బాడీ కంపోజిషన్ మెషీన్ ఎక్కించారు. నా పాత రిపోర్టుతో పోలిస్తే బరువు తగ్గిన మాట నిజమే గానీ, తగ్గినదాంట్లో కండ చాలా ఉంది. అప్పుడు ఆవిడ చెప్పిన ఒక్క విషయానికే నేను కట్టిన ఫీజు చెల్లిపోయింది. షికాగో యూనివర్సిటీ వాళ్లు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు ఎక్కువున్న 10 మందికి రెండేసి వారాలు తిండి తగ్గించి పెట్టి, ఒక విడతలో రాత్రికి 8.5 గంటలు, ఇంకో విడతలో 5.5 గంటలు పడుకోనిచ్చారట. రెండుసార్లూ తగ్గింది దాదాపు 3 కిలోలే, కానీ నిద్ర బాగున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తక్కువైనప్పుడు 0.6 కిలోలే. (ఆ మెషీన్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి, ఒంట్లో నీళ్లని బట్టి లెక్క మారిపోతుంది, ఎప్పుడూ ఒకే టైముకి, ఏమీ తినకముందు ఎక్కండి.)

రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో సమోసా కోసం ప్రాణం లాగడం నాకు నోటి అదుపు లేక అని మా ఇంట్లో అందరి తీర్మానం. కానీ అదే షికాగో యూనివర్సిటీ 2004 అధ్యయనంలో, రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, ఇక చాలు అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, అంటే పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే. దీనికి తోడు కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్. మామూలుగా పొద్దున ఎక్కువుండి రాత్రికి దిగాల్సింది, నిద్ర చాలకపోతే సాయంత్రమైనా సరిగ్గా దిగదు, టెన్షన్ పడినప్పుడల్లా మళ్లీ లేస్తుంది, లివర్ నుంచి రక్తంలోకి చక్కెర వదిలిస్తుంది.

నాకిచ్చిన ప్లాన్ సింపుల్‌గానే ఉంది, షిఫ్ట్‌కి వెళ్లేముందే కడుపునిండా భోజనం, అర్ధరాత్రి దాటాక కొంచెం పెరుగో ఉడికించిన గుడ్డో, పడుకోవడానికి ఆరు గంటల ముందే ఆఖరి టీ, గదికి మందపాటి కర్టెన్లు. బరువు మెల్లగానే దిగుతోంది, నడుం దగ్గర డ్రెస్సులు మాత్రం వదులయ్యాయి. మా ఆయన్ని తీసుకెళ్తే, గురక సంగతి విని, డైట్ చార్ట్ తర్వాత, ముందు స్లీప్ టెస్ట్ చేయించుకు రండి అని డాక్టర్ దగ్గరికి పంపారు. ఇంకొకళ్లయితే ఆయనకీ ప్యాకేజీ అంటగట్టేవాళ్లే.

కౌంటర్ దగ్గర మాత్రం కథ వేరు. బిల్లు కట్టేటప్పుడు నిద్రకి గమ్మీస్ (నమిలే బిళ్లలు), స్ట్రెస్ స్కోర్ చూపించే బ్యాండ్ అంటూ వెంటపడ్డారు, ఇవి మేడమ్ రాశారా అంటే నీళ్లు నమిలారు. ఆ బ్యాండ్ కొలిచేది గుండె కొట్టుకోవడంలో తేడాలని, కార్టిసాల్‌ని కాదు. ఒక స్టార్ అక్కడే పోయింది.

సాయంత్రం నాలుగు తర్వాత కూడా స్లాట్లు ఇస్తారు కాబట్టి నైట్ షిఫ్ట్ వాళ్లు నిద్ర చెడగొట్టుకోకుండా వెళ్లొచ్చు. శనివారం మాత్రం వద్దు, బండి పెట్టుకోవడానికి కూడా చోటుండదు.