బ్లాక్ చేసినా తిరిగొచ్చే కొనుగోలుదారు: ఒక మార్కెట్‌ప్లేస్ సెల్లర్ సేవపై సమీక్ష

మలక్‌పేటలోని మా ఇంటి ముందుగదిలో నుంచి మూడేళ్లుగా లక్క గాజులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. సరుకు లాడ్ బజార్ చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే కారీగర్ల దగ్గర నుంచి వస్తుంది, ప్యాకింగ్ నేనూ మా ఆడపడుచూ చూసుకుంటాం, అమ్మకమంతా ఒక మార్కెట్‌ప్లేస్ యాప్ ద్వారా జరుగుతుంది. నా ఫిర్యాదు ఒకటి ఆ సంస్థ దగ్గర ఇంకా తేలవలసి ఉన్నందున పేరు రాయడం లేదు. అమ్మకందారులకు అది అందించే సేవల్లో చాలావాటితో నాకు పేచీ లేదు. ‘ఈ కొనుగోలుదారును బ్లాక్ చేయండి’ అనే ఒక్క మీట గురించే ఇంత రాయవలసి వస్తోంది.

మంచి ముందు చెప్పేస్తాను. డబ్బు చెప్పిన రోజుకు ఖాతాలో పడుతుంది. పికప్ కుర్రాడు వానలో కూడా సాయంత్రం అయిదు లోపు వచ్చి పెట్టెలు తీసుకెళ్తాడు. జీఎస్టీ కింద పట్టుకునే 0.5 శాతం టీసీఎస్, ఆదాయపు పన్ను కింద పట్టుకునే 0.1 శాతం టీడీఎస్ (2024లో రెండూ తగ్గాక అమల్లోకి వచ్చిన రేట్లు ఇవి) నెలవారీ నివేదికలో విడివిడిగా కనిపిస్తాయి కనుక మా ఆడిటర్‌కు పని తేలికయింది. మెచ్చుకోవలసింది ఇంతే.

పోయిన శ్రావణానికి ముందు పన్నెండు గాజుల పెళ్లి సెట్ ఒకటి, 2-6 సైజు, ఎరుపు మీద తెల్ల రాళ్లు, క్యాష్ ఆన్ డెలివరీ మీద కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లింది. గాజుల లెక్క తెలియనివారి కోసం ఒక మాట: 2-6 అంటే రెండు అంగుళాల మీద మరో అంగుళంలో పదహారింట ఆరు వంతులు, అంటే లోపలి వ్యాసం దాదాపు 60 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలియక సైజు తప్పు పెట్టి వెనక్కి పంపేవారు చాలామంది ఉంటారు, వారి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు, సైజు మార్చి పంపుతాను. ఈ సెట్ మాత్రం చేరిన ఆరో రోజున ‘రాళ్లు ఊడిపోయాయి’ అనే కారణంతో రిటర్న్ అయింది. పెట్టె మూత తీయగానే అత్తరు వాసన గుప్పుమంది. ఒక గాజును కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే రాయికీ రాయికీ మధ్య సందుల్లో పసుపు ఇరుక్కుని ఉంది. అగ్గిపుల్లతో గీరితే కాగితం మీద చిటికెడు రాలింది. రాయి ఒక్కటీ ఊడలేదు. పైగా పన్నెండింటిలో ఒకటి అసలు మా గాజే కాదు, 2-8 సైజు ప్లాస్టిక్ గాజు, రంగు మాత్రం మా ఎరుపుకు అచ్చంగా కలిసేలా ఏరి తెచ్చి పెట్టారు. ఆ రంగు పోల్చిన నేర్పుకు మా ఆడపడుచు కాసేపు ముచ్చట పడింది కూడా.

ఫొటోలు జోడించి క్లెయిమ్ పెట్టాను. ప్యాకింగ్ సమయంలో తీసిన వీడియో లేనందున ఒప్పుకోలేమని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అప్పటికే రీఫండ్ వెళ్లిపోయింది. చేయగలిగింది అదొక్కటే కనుక ఆ ఖాతాను బ్లాక్ చేశాను. ‘ఈ కొనుగోలుదారు ఇకపై మీ నుంచి ఆర్డర్ చేయలేరు’ అనే వాక్యం పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది.

పద్దెనిమిది రోజులు గడిచాక అదే ఫ్లాట్ నుంచి మరో ఆర్డర్ వచ్చింది. ‘వాచ్‌మన్‌కు ఇవ్వవద్దు, పైకి తెచ్చి ఇవ్వాలి’ అనే సూచన కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. మొదటిసారి ఇంటిపేరు పూర్తిగా ముందూ, సొంత పేరు వెనకా ఉన్నాయి. ఈసారి సొంత పేరు ముందుకొచ్చి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై తోకలా మిగిలింది. మన తెలుగువాళ్ల పేర్లకు ఈ సౌకర్యం ఎప్పటి నుంచో ఉంది, బ్యాంకు వాళ్లూ పాస్‌పోర్ట్ వాళ్లూ దానితో పడుతూనే ఉన్నారు. ఆర్డర్ నేనే రద్దు చేస్తే నా రద్దుల శాతం పెరిగి సెల్లర్ రేటింగ్ పడిపోతుంది కనుక మనసు ఒప్పకపోయినా పంపాను. ఈసారి తలుపే తీయలేదు, సరుకు ఆర్టీఓ అయి వెనక్కి వచ్చింది. ఆర్టీఓ అనగానే నగరంలో అందరికీ ఖైరతాబాద్‌లోని రవాణా శాఖ ఆఫీసు గుర్తుకొస్తుంది. మా వ్యాపారంలో మాత్రం డెలివరీ కాక అమ్మినవారి దగ్గరికే తిరిగొచ్చిన పార్శిల్‌ను అలా అంటాం. దీపావళి నాటికి ఆ ఇంటి నుంచి నాలుగు పేర్లు, నాలుగు ఖాతాలు నా డ్యాష్‌బోర్డ్ మీదికి వచ్చాయి. వాటిలో మూడింటి పక్కన నా ఆకుపచ్చ టిక్కు ఉంది.

కస్టమర్ కేర్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. “మేడమ్, మీరు బ్లాక్ చేసింది ఖాతాను. కొత్త నంబరుతో వచ్చినవారు సిస్టమ్‌కు కొత్త కస్టమరే” అన్నాడు. “ఇల్లు ఒకటే కదా బాబూ” అన్నాను. “ఇంటిని బ్లాక్ చేసే ఆప్షన్ లేదు మేడమ్” అన్నాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, ఈ సేవ అలాగే కట్టారు. ఇక్కడ ఖాతా తెరవడానికి మొబైల్ నంబరు, దానికి వచ్చే ఓటీపీ చాలు. మన దేశంలో ఒక మనిషి పేరిట 9 మొబైల్ కనెక్షన్ల దాకా ఉండవచ్చు. జమ్మూకాశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6. అంటే మన హైదరాబాద్‌లో ఒకరు ఏ చట్టమూ దాటకుండానే నన్ను ఎనిమిది సార్లు బ్లాక్ చేయనిచ్చి, తొమ్మిదోసారి కొత్త మనిషిగా వచ్చి నిలబడగలరు. ఇంట్లోవాళ్ల నంబర్లు ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఇంటిని బ్లాక్ చేసే మీట ఇచ్చి తీరాలని నేను అడగను. కోపంలో ఉన్న రోజుల్లో అడిగాను, తర్వాత ఆలోచిస్తే అది ఎంత మొరటు ఆయుధమో తెలిసింది. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌కు నా గాజులు నెలకు అయిదారు వెళ్తాయి, గది నంబరు ఎవరూ రాయరు, అందరిదీ ఒకే చిరునామా. అక్కడ ఒక్కరు మోసం చేస్తే వందమంది అమ్మాయిలకు నా దుకాణం మూతపడుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో పార్శిళ్లన్నీ గేటు దగ్గరికే చేరతాయి. పాతబస్తీలో ఇంటి నంబరు కన్నా ‘మసీదు పక్క సందు, నీలం గేటు’ అనేదే నికరమైన చిరునామా, దానిని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు కనుక యంత్రం నాలుగు ఇళ్లుగా లెక్కపెడుతుంది. ఇంటర్నెట్ చిరునామాను బట్టి పట్టుకోవచ్చని ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు గానీ, మొబైల్ నెట్‌వర్క్‌లు ఒకే ఐపీ చిరునామాను ఎంతోమందికి పంచుతాయి, మళ్లీ మాటిమాటికీ మారుస్తాయి, కాబట్టి అది ఇంకా అధ్వానం.

నిజంగా పట్టిచ్చేది డబ్బు వెళ్లే దారి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ వెనక్కి వచ్చినప్పుడు నోట్లు పట్టుకుని ఎవరూ వెళ్లరు. కొన్నవారు తమ బ్యాంకు ఖాతానో యూపీఐ ఐడీనో యాప్‌లో నమోదు చేస్తే రీఫండ్ అందులో పడుతుంది. సిమ్ మార్చడం తేలిక, పేరు తిరగేసి రాయడం ఇంకా తేలిక, ప్రతిసారీ కొత్త బ్యాంకు ఖాతా తెరవడం మాత్రం తేలిక కాదు. ఆ పేర్లలో రీఫండ్ తీసుకున్నవాటి వెనక ఉన్న ఖాతా ఒకటేనా అన్నది నాకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. మార్కెట్‌ప్లేస్‌కు మాత్రం ఒక్క క్షణంలో తెలుస్తుంది. అలాగే ఏ ఫోన్‌లో యాప్ తెరిచారో దానికి తెలుసు. ఒక్కొక్కటి విడిగా చూస్తే సందేహానికి తావుంటుంది, అన్నదమ్ములు ఒకే ఫోన్ వాడవచ్చు, భర్త ఖాతాలోకి భార్య రీఫండ్ తెప్పించుకోవచ్చు; కానీ రీఫండ్ ఖాతా, ఫోన్, ఫ్లాట్ నంబరు, డెలివరీ సూచన అన్నీ ఒకేచోట కలిశాక, వెనక మూడు రిటర్నులు కూడా ఉన్నాక, ఇక యాదృచ్ఛికం అనడానికి ఏముంది? నా వైపు నుంచి చూస్తే లేబుల్ మీద పేరు, చిరునామా తప్ప మరేమీ కనబడవు, ఫోన్ నంబరు కూడా చుక్కలతో కప్పి ఉంటుంది. అలా కప్పడం సరైనదే. కప్పినవాళ్లే కాపలా కూడా కాయాలని అడుగుతున్నాను.

ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది లేదు. 1995లో మొదలైన ఈబే 2008లో అమ్మకందారులు కొనుగోలుదారులకు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలును తీసేసింది. అక్కడి బ్లాక్ జాబితా కూడా యూజర్ ఐడీలతోనే నడుస్తుంది కనుక మారు ఖాతాల బెడద అక్కడా ఉంది. కానీ జాబితాతో పాటు అమ్మకందారు కొన్ని షరతులు పెట్టుకునే వీలు ఇచ్చారు: గడచిన కొన్ని నెలల్లో డబ్బు కట్టకుండా ఇన్ని ఆర్డర్లు వదిలేసినవారు నా దగ్గర కొనకూడదు అని ఒకసారి చెప్పిపెడితే చాలు, ఆ మనిషి ఎవరో నాకు తెలియకుండానే గడప దగ్గర ఆగిపోతారు. ఈబే ఇండియా సైట్ 2018 ఆగస్టు 14న మూతపడింది కనుక ఆ సదుపాయం మన చిన్న వ్యాపారులకు అలవాటయ్యే అవకాశమే రాలేదు. నేను వాడుతున్న సేవలో అలాంటి షరతు పెట్టుకునే చోటు లేదు. ‘గత మూడు నెలల్లో తరచుగా ఆర్డర్లు వెనక్కి పంపినవారికి ముందస్తు చెల్లింపు మాత్రమే’ అని రాసుకోవడానికి ఒక గడి ఇస్తే సగం బాధ తీరుతుంది.

చట్టం ఇక్కడ ఎంతవరకు తోడొస్తుందో కూడా చూశాను. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. అయితే అది వినియోగదారుల ఫిర్యాదుకు. లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని కూడా ఆ నియమాలే చెబుతాయి, అది న్యాయమే, నేనూ చీరలు ఆన్‌లైన్‌లో కొనే మనిషినే. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ చట్టాల కింద తొలగించిన సరుకును మళ్లీ మళ్లీ పెట్టే అమ్మకందారులను గుర్తుపట్టేలా రికార్డు ఉంచాలని కూడా మార్కెట్‌ప్లేస్‌కు చెప్పారు. అంటే పేరు మార్చుకుని తిరిగొచ్చే అమ్మకందారు మీద కన్నేసి ఉంచడం సాధ్యమేనని అందరూ ఒప్పుకున్నట్టే. పేరు మార్చుకుని తిరిగొచ్చే కొనుగోలుదారు దగ్గరికి వచ్చేసరికి సిస్టమ్‌కు చూపు ఆనడం లేదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఒకరు చెప్పారు. ఆన్‌లైన్ మోసంలో ఖాతా నుంచి పోయిన డబ్బును వెంటనే ఆపించడానికి పెట్టిన నంబరు అది, పసుపు అంటిన గాజుల కోసం దానిని మోగించడం నాకు సబబుగా తోచలేదు.

అమ్మకందారులు తమలో తాము చేసుకుంటున్న ఏర్పాటు మరొకటి ఉంది, అది నాకు అసలు నచ్చదు. వాట్సాప్ గ్రూపుల్లో ‘వీళ్లకు పంపవద్దు’ అంటూ లేబుళ్ల ఫొటోలు తిప్పుతున్నారు, ఒక ఆడపిల్ల పేరు, ఇల్లు, గేటు రంగు మూడువందల మంది ఫోన్లలో చేరుతున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, మన ఇంటి అడ్రస్ అలా తిరిగితే మనం ఊరుకుంటామా? సంస్థ చేయవలసిన పని చేయకపోవడం వల్లే జనం ఈ దారి పడుతున్నారు.

ప్రస్తుతం నేను చేస్తున్నది ఇది. ప్రతి పెళ్లి సెట్‌కూ ఎర్ర దారం ముడి వేసి, ముడి మీద చిన్న కాగితపు సీలు అంటించి, ‘సీలు తీస్తే రిటర్న్ లేదు, లోపం ఉంటే తీయకుండానే కనిపిస్తుంది’ అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెడుతున్నాను. ప్యాకింగ్ వీడియోలో ఆర్డర్ లేబుల్, పన్నెండు గాజులు, సైజు కొలిచే కడ్డీ మూడూ ఒకే దృశ్యంలో పడేలా చూస్తున్నాను. వీడియో తీయడానికి ఒక్కో పెట్టెకు నాలుగు నిమిషాలు అదనంగా పడుతోంది. పండగల రోజుల్లో అది రాత్రి పదకొండు దాకా సాగుతుంది. సీలు పెట్టాక వచ్చిన ఒక క్లెయిమ్‌లో నాకు పూర్తి డబ్బు వచ్చిందన్నది దాచకూడదు, వీడియో ఉంటే ఈ సంస్థ మాట వింటుంది. సమస్యల్లా నష్టం జరిగిన తర్వాతే వింటుంది.

సెటిల్‌మెంట్లకూ పికప్‌కూ అయిదులో నాలుగున్నర ఇస్తాను. బ్లాక్ సదుపాయానికి ఒకటి, అదీ నాకు నచ్చని మెసేజ్‌లను ఆపగలుగుతోంది కనుక. పెళ్లి సెట్లు ఆ యాప్ నుంచి తీసేశాను, రోజువారీ గాజులు మాత్రం ఉంచాను. పెళ్లి సెట్ కావాలన్నవారు ఫోన్ చేసి, చేతి కొలత చెప్పి, సగం డబ్బు ముందు పంపుతున్నారు. మొన్న మంగళవారం రోజువారీ గాజులకు ఒక క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ వచ్చింది, కొత్త పేరు, 2-6 సైజు, వాచ్‌మన్‌కు ఇవ్వవద్దట. వీడియో తీసి పంపించాం.